బేతాళుడి కథకు ముగింపు ఉంది: ఒక ఫార్వర్డుకు ఖండన

చెన్నైలో తెలుగువాళ్లున్న అపార్ట్‌మెంటు గ్రూపుల్లో, పాత చందమామ అభిమానుల గ్రూపుల్లో ఒక వాట్సాప్ ఫార్వర్డు తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: విక్రమార్కుడు, బేతాళుడు కథకి ముగింపు లేదు. మాట్లాడితే శవం పోతుందని తెలిసీ ప్రతిసారీ నోరు విప్పే రాజు తెలివితక్కువవాడు. చివరి ప్రశ్నకు జవాబేమిటో రాసినవాడికే తెలీదు. రాజుని శవం కోసం పంపిన భిక్షువు ఎవరో, ఆ శవం ఎవరిదో, బేతాళుడు మంచివాడో చెడ్డవాడో చెప్పలేదు. ఒక్క రాత్రిలో అన్నిసార్లు చెట్టెక్కి దిగడం అసాధ్యం. చివర్లో ఒక నిట్టూర్పు: వడపళనిలో చందమామ మూతబడింది కాబట్టి ఇక మనకి తెలిసే దారే లేదట.

దారి ఉంది. చందమామ మొదటి సంచిక వచ్చింది 1947 జులైలో. ఈ కథ ముగింపు అంతకు దాదాపు 900 ఏళ్ల ముందే రాసి ఉంది. 11వ శతాబ్దంలో కాశ్మీర రాజు అనంతుడి భార్య సూర్యవతి కోసం సోమదేవుడు సంస్కృతంలో చెప్పిన కథాసరిత్సాగరంలో, శశాంకవతి అనే 12వ లంబకంలో (అంటే పెద్ద విభాగంలో), 75 నుంచి 99 దాకా తరంగాలు (అధ్యాయాలు) పూర్తిగా బేతాళుడివే. ఫార్వర్డులో అడిగిన ప్రశ్నల్లో చాలావాటికి జవాబులు ఆ పాతిక తరంగాల్లోనే దొరుకుతాయి.

"ముగింపు లేదు"

ఈ పొరపాటు ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టమేం కాదు. మూలంలో బేతాళుడు చెప్పే కథలు 24. నెలకొకటి వేస్తే రెండేళ్లకి అయిపోతాయి. చందమామ వాళ్లు ఆ చట్రాన్ని ఉంచుకుని, లోపల కొత్త కథలు పెట్టుకుంటూ దశాబ్దాలు నడిపారు. ఇందులో దాపరికం కూడా లేదు. కథ చివర కుండలీకరణాల్లో "కల్పితం" అని వేసేవారు. ఆ ఒక్క మాట పిల్లల కళ్లకి ఆనేది కాదు, అంతే. ప్రతి నెలా శవం చెట్టెక్కి తీరాలి, లేకపోతే వచ్చే నెలకి కథ ఉండదు. దానికి తోడు శంకర్ గీసిన ఆ బొమ్మ: ఒక చేతిలో కత్తి, భుజాన శవం, నడుస్తూనే ఉన్న రాజు. 2020లో చెన్నైలోనే కన్నుమూసిన ఆ చిత్రకారుడి గీతలో రాజు ఎప్పుడూ దారిలోనే ఉంటాడు. చేరిన రాజుని మనం చూడలేదు కాబట్టి చేరలేదనుకున్నాం.

చేరాడు. 99వ తరంగంలో ఏం జరిగిందో తరువాత చెబుతాం, ముందు రాజు తెలివి సంగతి తేల్చాలి.

"రాజు తెలివితక్కువవాడు"

బేతాళుడు పెట్టిన మెలికని ఒకసారి విడదీసి చూడండి. జవాబు తెలిసి చెబితే మౌనం పోతుంది, శవం చెట్టెక్కుతుంది. తెలిసీ చెప్పకపోతే తల ముక్కలవుతుంది. అబద్ధపు జవాబు చెప్పినా తెలిసింది దాచినట్టే, పైగా నోరు కూడా విప్పినట్టు. పోనీ "నాకు తెలీదు" అందామా అంటే, ఆ రెండు ముక్కలు పలికినా మౌనభంగమే. ఇన్ని తలుపులు మూశాక మిగిలింది ఒక్కటే: నిజంగా తెలియకపోవాలి, తెలియనందువల్ల ఊరుకోవాలి.

అంటే ఈ తాళానికి చెవి తెలివి కాదు. రాజుకి తెలివి ఉన్నంతకాలం శవం కదలదు. 24 కథల్లో 23 ప్రశ్నలకి టక్కున జవాబు చెప్పగలిగాడు కాబట్టే అన్నిసార్లు వెనక్కి నడిచాడు. మందమతి అయితే మొదటి కథకే శవాన్ని చేర్చేసేవాడు. ఫార్వర్డు రాసినాయన సరిగ్గా తిరగేసి చదివాడు.

ఇంకో చిన్న సంగతి. మొదటిసారి శవం చేజారింది ప్రశ్న వల్ల కాదు. రాజు తాడు కోయగానే శవం కిందపడి బాధతో అరిచింది. బతికే ఉన్నాడేమోనని రాజు జాలిపడి ఒళ్లు నిమిరాడు. అది పకపకా నవ్వింది. "ఎందుకు నవ్వుతావు, పద వెళదాం" అన్నాడో లేదో, మళ్లీ కొమ్మకి వేలాడుతోంది. కథలు మొదలైంది ఆ తరువాతే. సోమదేవుడి దగ్గర నియమం ఇలా జరిగి తెలుస్తుంది. ఇవే కథల హిందీ రూపమైన బైతాల్ పచ్చీసీలో అయితే దారిలో మాట్లాడితే వెనక్కి వెళ్లిపోతానని బేతాళుడే ముందు షరతు పెడతాడు. పిల్లలకి కథ చెప్పేవాళ్లు హిందీ పద్ధతి పట్టుకుంటే సులువు. అయితే ఆ నవ్వు పోతుంది, అది పోగొట్టుకోవలసింది కాదు.

"చివరి ప్రశ్నకు జవాబు ఎవరికీ తెలీదు"

అన్నిటికన్నా రసవత్తరమైనది ఇదే. 98వ తరంగంలో కథ ఇలా ఉంటుంది. భిల్లుల దాడిలో భర్తని పోగొట్టుకున్న రాణి చంద్రవతి, కూతురు లావణ్యవతితో అడవిలో పారిపోతుంది. వేటకి వచ్చిన చండసింహుడు, అతని కొడుకు సింహపరాక్రముడు దుమ్ములో రెండు జతల అడుగుజాడలు చూస్తారు. ఒక జత పెద్దది, ఒకటి చిన్నది. పెద్ద పాదాలామె తల్లి అయి ఉంటుంది, తండ్రికి భార్య. చిన్న పాదాలామె కూతురు, కొడుకుకి భార్య అని ఒప్పందం. తీరా చూస్తే కూతురివే పెద్ద పాదాలు. మాట తప్పకూడదు కాబట్టి తండ్రి కూతురిని, కొడుకు తల్లిని పెళ్లాడారు. ఇద్దరికీ పిల్లలు పుట్టారు. "ఆ పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు?" అన్నాడు బేతాళుడు. రాజుకి తోచలేదు. మాట లేకుండా చకచకా నడిచాడు.

సంస్కృతంలో తికమకగా కనిపించే ఈ ముడి తెలుగు వరసల్లో పెడితే ఇట్టే బయటపడుతుంది. ఇద్దరూ మగపిల్లలే అనుకుందాం. తండ్రుల వైపునుంచి లెక్కేస్తే, చండసింహుడికి పుట్టినవాడు సింహపరాక్రముడికి సవతి తమ్ముడు. కాబట్టి సింహపరాక్రముడి కొడుకు వాణ్ణి "బాబాయ్" అనాలి. తల్లుల వైపునుంచి లెక్కేస్తే, సింహపరాక్రముడి కొడుకు చంద్రవతి కడుపున పుట్టాడు, అంటే లావణ్యవతికి తమ్ముడు. కాబట్టి లావణ్యవతి కొడుకు వాణ్ణి "మామయ్యా" అనాలి. ఒకడు బాబాయ్ అని పిలిస్తే రెండోవాడు మామయ్యా అని పలుకుతాడు. ఇద్దరూ ఒకరికంటే ఒకరు ఒక తరం పెద్ద.

చండసింహుడికి ఆడపిల్ల, కొడుక్కి మగపిల్లవాడు పుట్టారనుకుంటే చిక్కు ఇంకా ముదురుతుంది. ఆ అమ్మాయి వాడికి మేనత్త. వాడేమో ఆమెకి మేనమామ. మేనమామకి మేనకోడలినిచ్చే ఇళ్లలో ఒక దారిన పెళ్లి వరస కుదిరింది, రెండో దారిన ఆ మాటెత్తితేనే చెవులు మూసుకోవాలి. పెళ్లిళ్ల పేరయ్య సైతం సంచీ సర్దుకుని లేచిపోతాడు.

కనుక జవాబు లేదనడం తప్పు. నిఖార్సైన జవాబులు రెండు ఉన్నాయి, అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. న్యాయం ఎటువైపో తేల్చి చెప్పడం అలవాటైన రాజు ఇక్కడ ఒక పక్షం ఎంచుకోలేకపోయాడు. తెలిసే మౌనం నటించాడని ఇంకొందరు ఫార్వర్డు కింద వ్యాఖ్యానం తగిలిస్తున్నారు. అదీ కుదరదు. తెలిసి ఊరుకుంటే తల పగలాలి. పగల్లేదు. అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

"భిక్షువు ఎవరో చెప్పలేదు"

చెప్పాడు, పేరుతో సహా. వాడు క్షాంతిశీలుడు. ఏళ్ల తరబడి రోజూ సభకి వచ్చి రాజు చేతిలో ఒక పండు పెట్టి పోయేవాడు. రాజు దాన్ని కోశాధికారికి ఇచ్చేసేవాడు, ఆయన తలుపు తియ్యడం కూడా బద్ధకించి కిటికీలోంచి ఖజానాలోకి విసిరేసేవాడు. ఒకనాడు పెంపుడు కోతి పండు కొరికితే లోపల్నించి రత్నం రాలింది. ఖజానా తెరిపిస్తే పళ్లన్నీ కుళ్లి పోగా రత్నాల గుట్ట మిగిలింది. అప్పుడు గాని రాజు "నీకేం కావాలి?" అని అడగలేదు. రాబోయే కృష్ణ చతుర్దశి రాత్రి మహాశ్మశానంలో మర్రిచెట్టు దగ్గరికి రమ్మన్నాడు భిక్షువు. వెళ్లాక, దక్షిణాన శింశుపా వృక్షానికి వేలాడే శవాన్ని తెమ్మన్నాడు.

వాడికి కావలసింది విద్యాధరులనే దివ్యజాతి మీద ప్రభుత్వం. దానికి బలి ఈ రాజే. రాజు మౌనంగా నడుస్తుంటే సంతోషించిన బేతాళుడు గుట్టు విప్పాడు: "సాష్టాంగపడమంటాడు. నాకు రాదు, ముందు నువ్వు చేసి చూపించు అను." రాజు మర్రి దగ్గరికి చేరేసరికి నేలంతా నెత్తుటితో అలికి ఉంది. ఎముకల పొడితో ముగ్గు, దిక్కుల్లో నెత్తురు నిండిన కుండలు, మనిషి కొవ్వుతో వెలిగే దీపం. బేతాళుడు చెప్పినట్టే రాజు అడిగాడు. భిక్షువు చేసి చూపించడానికి బోర్లా పడుకున్నాడు. కత్తి దిగింది. వాడు కోరుకున్న విద్యాధర పదవి, భూమిని ఏలుకున్నాక నీకే వస్తుందని బేతాళుడు రాజుకి వరమిచ్చాడు. రాజు తనంతట తాను కోరింది మాత్రం ఈ కథలు లోకంలో నిలిచిపోవాలని.

"బేతాళుడు మంచివాడో చెడ్డవాడో చెప్పలేదు"

చివరికి మంచివాడే, అదీ ఉన్నట్టుండి అయినవాడు కాదు. సూచన మొదటి కథలోనే పెట్టి ఉంది, అయితే మనం పద్మావతి ప్రేమకథ అనుకుని దాటేస్తాం. అందులో మంత్రికొడుకు శ్మశానంలో దొంగ తాపసి వేషం వేసి, పద్మావతిని మంత్రగత్తెగా నమ్మించి ఊరినుంచి వెళ్లగొట్టిస్తాడు. తప్పెవరిదని బేతాళుడు అడుగుతాడు. విచారించకుండా శిక్ష వేసిన రాజుదే తప్పంటాడు మన రాజు. ఎంత బాగా చెప్పాడు! శ్మశానంలో ఒక దొంగ సన్యాసి, విచారించని ఒక రాజు. పండు పగలగొట్టి చూడకుండా ఏళ్లు గడిపినవాడు, అడిగిందే తడవుగా శవం మొయ్యడానికి ఒప్పుకున్నవాడు ఆ మాట అంటున్నాడు. బేతాళుడు అప్పుడే చెవిలో వేశాడు, రాజు ఎక్కించుకోలేదు. ఇది సోమదేవుడు కావాలని పెట్టిన ముడేనని మా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు మొదటి తరంగం, చివరి తరంగం పక్కపక్కన పెట్టి చదివి చూడండి.

"శవం ఎవరిది?"

ఇక్కడ ఫార్వర్డుకి సగం మార్కులు. సోమదేవుడు చెప్పలేదు. ఆయనకి అది బేతాళుడు దూరిన ఒక శవం, అంతవరకే. హిందీ బైతాల్ పచ్చీసీ మాత్రం చెబుతుంది: ఒకే ఊళ్లో, ఒకే నక్షత్రంలో, ఒకే ముహూర్తంలో ముగ్గురు పుట్టారు. రాజింట్లో విక్రముడు, నూనె గానుగవాడి ఇంట్లో ఒకడు, కుమ్మరి ఇంట్లో యోగి. యోగి గానుగవాణ్ణి చంపి చెట్టుకి కట్టాడు, మిగిలింది రాజు. కథగా చూస్తే ఇది గట్టి మలుపే. కాకపోతే దీన్ని మొదట్లోనే చెప్పేయడం వల్ల చివరి దెబ్బ చప్పబడుతుంది.

"ఒక్క రాత్రిలో ఎలా?"

లెక్క వేద్దాం. నవ్వి పారిపోయిన మొదటిసారితో కలిపి రాజు శవాన్ని దించింది 25 సార్లు. రాత్రి 12 గంటలంటే 720 నిమిషాలు. ఒక్కో విడతకి అరగంట కూడా రాదు, అందులోనే రానూపోనూ నడక, కథ, జవాబు. దీన్ని మేమూ సమర్థించలేం. ఈ పాయింటు ఫార్వర్డువాళ్లదే.

విక్రమార్కుడంటే ఉజ్జయిని విక్రమాదిత్యుడే అన్న వాదన మీద ఎక్కువ మాటలు అక్కర్లేదు. కథాసరిత్సాగరంలో ఈ రాజు విక్రమసేనుడి కొడుకు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానం. ఉజ్జయిని తరువాతి రూపాల్లో వచ్చి చేరింది.

మీ దగ్గరున్న పుస్తకం ఏ రూపానికి చెందిందో తెలుసుకోవాలంటే నాలుగు చూడండి: రాజు పేరు, చెట్టు పేరు, గానుగవాడి ప్రస్తావన, అడుగుజాడల కథ. త్రివిక్రమసేనుడు, శింశుప ఉంటే సోమదేవుడి దారి. గానుగవాడు కనిపిస్తే హిందీ దారి. అడుగుజాడల కథ లేకపోతే కుదించిన పుస్తకం, ముగింపు కోసం దాన్ని నమ్ముకోవద్దు. 1870లో బర్టన్ ఇంగ్లీషులో తెచ్చినదీ కుదించిందే, కథలు 11 మాత్రమే, అయితే అందులో అడుగుజాడల కథ ఉంది. కథాసరిత్సాగరానికి టానీ చేసిన ఇంగ్లీషు అనువాదానికి పెంజర్ వేసిన పది సంపుటాల కూర్పు దొరికితే 6, 7 సంపుటాలు తియ్యండి. ఎగ్మోర్‌లో కన్నెమరా లైబ్రరీకి వెళ్లేవాళ్లు సంపుటం నంబరు, తరంగం నంబరు రెండూ కాగితం మీద రాసుకుని వెళితే పని తేలిక. ముందు 98 తెరిచి, ఎవరి తల పగల్లేదో చూడండి. ఆ వెంటనే 99లో ఎవరి తల తెగిందో ఉంటుంది.