బైపీసీకి జరిగిన నమ్మకద్రోహం

పదో తరగతి అయ్యాక బైపీసీ తీసుకోవడం చదువు కాదు, ఒప్పందం. కప్పను కోస్తాం, లాటిన్ పేర్లు బట్టీ పడతాం, బదులుగా లెక్కలు మా గుమ్మం తొక్కకూడదు. ఎదురింటి అంకుల్ సాక్షిగా కుదిరిన ఈ ఒప్పందాన్ని మా అమ్మాయి కాలేజీలో ఎకాలజీ మేడమ్ నిలువునా చించేశారు. అందరినీ కాలిక్యులేటర్లు తెచ్చుకోమన్నారు.

ఇంటర్లో జనాభా ఎంత మర్యాదగా ఉండేది! మెల్లగా మొదలై, జోరందుకుని, ఆవాసం మోయగలిగినంత వరకు పెరిగి బుద్ధిగా ఆగేది. ఎస్ ఆకారంలో గీత గీస్తే మార్కులు.

దాన్ని చెడగొట్టినవాడు రాబర్ట్ మే. ఆస్ట్రేలియాలో ఫిజిక్స్ చదివి జీవావరణ శాస్త్రంలో దూరాడు. (ఎంపీసీ వాళ్లను రానిస్తే ఇంతే.) 1976లో నేచర్ పత్రికలో ఓ చిన్న సమీకరణం గురించి రాశాడు. ఈ తరం పురుగుల సంఖ్యను, చోటులో ఇంకా ఖాళీగా ఉన్న వంతుతో, ఆ పైన అవి పెరిగే జోరును చెప్పే ఆర్ అనే అంకెతో గుణిస్తే వచ్చే తరం సంఖ్య. పిల్లలకు దీన్ని తొందరగా నేర్పాలని సలహా కూడా ఇచ్చాడు!

ఆర్ విలువ 1కి, 3కి మధ్య ఉంటే పురుగులు ఒక సంఖ్య దగ్గర కుదురుకుంటాయి. 3 దాటితే ఓ తరం ఎక్కువ, ఓ తరం తక్కువ. ఇంకాస్త పెంచితే నాలుగు తరాల చక్రం, తర్వాత ఎనిమిది. 3.57 దాటాక చాలావరకు కేయాస్, అంటే ఏ చక్రానికీ లొంగని గందరగోళం.

ఆర్‌ని 4 చేశారు. వెయ్యి పురుగులు పట్టే చోట మా అమ్మాయి 301తో మొదలెట్టింది, పక్క పిల్ల 300తో. మూడో తరంలో 996, 994. పర్లేదు. పదో తరానికి మా అమ్మాయికి 620, ఆ పిల్లకు 43! పాచికలు వేయలేదు, సూత్రం ఒక్కటే, ఇద్దరి గుణకారమూ కరెక్టే. మరి ఆన్సర్ కీలో ఏది పెడతారండీ?

కాగితం మీది లెక్కేగా అని సరిపెట్టుకుందామన్నా కుదరదు. 1997లో అమెరికా శాస్త్రవేత్తలు పిండిపురుగులను పెంచి, పెద్ద పురుగుల మరణాల రేటును ఎక్కువగా ఉంచి, కొత్తగా పెద్ద పురుగులయ్యే వాటి రేటు మార్చుతూ, కేయాస్‌ను ప్రయోగశాలలోనే చూపించారు. పురుగులు కూడా బైపీసీ సిలబస్‌లోవే. వాటికైనా ఇంగితం ఉండొద్దా?

ఆర్ 3 దాటరాదని జీవో తేవాలంటూ వినతిపత్రం రాశాను. మా అమ్మాయి సంతకం పెట్టనంది. అంత గందరగోళం మధ్యలో 3.83 దగ్గర ఉన్నట్టుండి మూడు తరాల చక్రం ఒకటి వస్తుందట, అది చూడాలట. కాలిక్యులేటర్ పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.