పెరట్లో కోర్టు, జాతకంలో పతకం

సొంత ఇల్లు కట్టుకున్నవారికి మొన్నటిదాకా మాడ్యులర్ కిచెన్, హోమ్ థియేటర్, మేడమెట్లకు గాజు రెయిలింగు ఉంటే పరువు నిలిచేది. ఇప్పుడు చాలడం లేదు. హైదరాబాద్ శివార్లలోనైనా, విజయవాడ చుట్టుపక్కలనైనా కాస్త జాగా మిగిలిన ఇంటివెనుక ఆటల కోర్టు వెలుస్తోంది. కొందరిది బ్యాడ్మింటన్, కొందరిది చిన్న బ్యాట్లతో చిల్లుల ప్లాస్టిక్ బంతిని నెట్టు మీదుగా కొట్టుకునే పికిల్‌బాల్. ఏ ఆటో తేల్చుకోలేనివారు రెండింటి గీతలూ ఒకే నేలమీద రెండు రంగుల్లో గీయించుకుంటున్నారు. 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, రెండు ఆటలకూ కొలత ఒకటే. ఒక ఖర్చుకు రెండు ఆటలు వస్తున్నాయని తెలిశాక వెనుకాడే గృహస్థు తెలుగునాట పుట్టలేదు.

ఈ ఉద్యమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. సరైన మార్గదర్శకాలు లేక జనం ఇబ్బంది పడుతున్నారన్నదే నా బాధ.

ముందు స్థలం సంగతి. కోర్టు విస్తీర్ణం 880 చదరపు అడుగులు. మనకు అడుగుల్లో చెబితే దుఃఖం రాదు, గజాల్లో చెబితే వస్తుంది. సుమారు 98 గజాలు. అదీ గీతల లోపలి లెక్క మాత్రమే. బంతి కోసం వెనక్కి పరుగెత్తేవాడు గోడకు గుద్దుకోకుండా ఉండాలంటే పికిల్‌బాల్‌కు 60 అడుగులకు 30 అడుగులు వదలాలంటారు. అంటే సరిగ్గా 200 గజాలు. ఒక ప్లాటు! రిజిస్ట్రేషన్ చేయించి అమ్ముకోదగిన ప్లాటులో నలుగురు మనుషులు ప్లాస్టిక్ బంతిని అటూ ఇటూ కొట్టుకోవడమా? ఈ ఆలోచన వచ్చిన మరుక్షణం ఇంటాయన టేపు పట్టుకుని ఆ ఖాళీని ఎక్కడెక్కడ కోయవచ్చో చూడడం మొదలుపెడతాడు. ఒకవైపు కొబ్బరిచెట్టు అడ్డం, ఒకవైపు బోరు మోటారు, ఇంకోవైపు కారు. చివరికి వెనుక గీతకూ ప్రహరీకీ నడుమ మనిషి పక్కకు తిరిగి నడవగలిగినంత చోటు మిగులుతుంది. ఆటగాళ్లలో ఏకాగ్రత పెరగడానికి ఇది మంచిదే.

తరువాత వాస్తు. ఉదయం, సాయంత్రం ఎండ కళ్లలో పడకుండా కోర్టు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. దీనికి సిద్ధాంతిగారు వెంటనే ఒప్పుకుంటారు, కారణం మాత్రం తనది చెబుతారు. పేచీ అంతా వాటం దగ్గర వస్తుంది. వాననీరు నిలవకుండా పది అడుగులకు ఒక అంగుళం చొప్పున నేలంతా ఒకేవైపు వాలాలి. "వాటం ఎటు ఇమ్మంటారు సార్?" అని మేస్త్రి అడిగేది ఇంజనీరును. జవాబు వచ్చేది సిద్ధాంతిగారి నుంచి: "ఈశాన్యానికి." నేను చూసిన ఒక కోర్టులో ఈశాన్యం మీద భక్తి కాస్త ఎక్కువైంది. బంతిని ఎక్కడ వదిలినా నింపాదిగా దొర్లుకుంటూ వెళ్లి, ఆ మూల తులసికోట మొదట్లో ఆగుతుంది. ఆ ఇంట్లో పోయిన బంతి కోసం ఎవరూ వెతకరు. "సంపద అటు చేరుతుందన్నారు, చేరుతోంది" అంటాడు ఇంటాయన సంతృప్తిగా.

కాంక్రీటు పోశాక రంగు వేయడానికి 28 రోజులు ఆగమంటారు. ఈలోగా మూఢం వస్తోందని ముందే వేయించినవారి కోర్టులు బొబ్బలెక్కి ఉన్నాయి. శాస్త్రాలు రెండున్నప్పుడు పెద్దదాన్నే పాటించాలి కదా.

ఇక అసలు విషయం. పిల్లలు ఆడుకోవడానికే వేయించామని ఎవరైనా చెబితే నమ్మకండి. ఉత్తి ఆడుకోవడానికి మన ఇళ్లలో ఎవరూ కాంక్రీటు పోయరు. 2016లో రియో ఒలింపిక్స్‌లో సింధు రజతం గెలిచారు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆమెను డిప్యూటీ కలెక్టరుగా నియమించింది. తక్కిన ప్రపంచం మొదటి వాక్యానికే చప్పట్లు కొట్టి ఊరుకుంది. తెలుగు తండ్రి రెండో వాక్యం దగ్గర కాలిక్యులేటర్ తీశాడు. గ్రూప్-1కు పదహారు ఈకల షటిల్ మీదుగా ఒక అడ్డదారి ఉందన్నమాట! పుల్లెల గోపీచంద్ అకాడమీ కోసం ఇల్లు తాకట్టు పెట్టారు. మనం అంతకన్నా ముందుచూపు గలవాళ్లం, ఇంటి ధర పెరుగుతుందని కోర్టు వేస్తాం.

అసలు ఈ పికిల్‌బాల్ పుట్టుకే బాధ్యత లేని పుట్టుక. 1965 వేసవిలో అమెరికాలోని సియాటిల్ దగ్గర బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో ఒక ఇంట్లో పిల్లలు తోచక కూర్చున్నారు. ఇంటివెనుక పాత బ్యాడ్మింటన్ కోర్టు ఉంది గానీ బ్యాట్లు కనబడలేదు. పెద్దలు టేబుల్ టెన్నిస్ బ్యాట్లు, చిల్లుల ప్లాస్టిక్ బంతి తెచ్చి ఏదో ఆడించారు. కోచ్ లేడు, ఫీజు లేదు, భవిష్యత్తు గురించి చర్చ లేదు. అదే మన ఇంట్లో పిల్లవాడు తోచడం లేదని అని ఉంటే, సాయంత్రానికల్లా అబాకస్‌లో చేర్పించేవాళ్లం. ప్రపంచానికి ఈ ఆట బెడద తప్పేది.

పతకం తేవలసిన పిల్లవాడికి ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. తెల్లవారకముందే స్టడీ అవర్, ఆదివారం వారాంతపు పరీక్ష. కోర్టును వాడు మేడమీద గది కిటికీలోంచి చూస్తాడు. ఎప్పుడైనా బ్యాటు పట్టుకుని దిగినా, అయిదు గ్రాముల షటిల్ గాలికి పక్కింటి మామిడిచెట్టెక్కి కూర్చుంటుంది.

అలాగని కోర్టు ఖాళీగా ఏమీ లేదు. ఆకుపచ్చ రంగు నేల వేసవిలో పెనంలా కాలుతుంది. ఈ గుణాన్ని మొదట కనిపెట్టింది నాయనమ్మ. సర్వీసు గీతకు ఇవతల గుమ్మడి వడియాలు, అవతల ఎండుమిరపకాయలు. గీత దాటి ఏదీ రాదు, ఆ క్రమశిక్షణ ఆవిడది. నెట్టు మీద తువ్వాళ్లు ఆరతాయి.

మొన్న ఒక ఇంట్లో ఓణీల వేడుక ఆ కోర్టులోనే జరిగింది. నెట్టు స్తంభాలకు షామియానా తాళ్లు కట్టారు. వంటవాళ్లు వెనుక గీత మీద గాడిపొయ్యి పెట్టబోతే ఇంటాయన పరుగున వెళ్లి ఆపాడు, రంగు పాడవుతుందని. మూడు వరుసల బల్లలు పట్టాయి, నాలుగోది పట్టలేదు. టెంట్ హౌస్ అతను టేపు పట్టి కొలిచి, తల పంకించాడు.

"చుట్టూ ఇంకో అయిదేసి అడుగులు వదిలి ఉండాల్సింది సార్."

నియమాల ప్రకారం ఉండవలసిన ఖాళీ గురించి ఆ కోర్టులో ఇంతవరకు మాట్లాడినవాడు అతనొక్కడే.