పక్షులు తప్ప ఎవరూ లేరట!

1966 ఆగస్టులో బ్రిటన్ విదేశాంగ శాఖలో ఒక ఫైలు నడిచింది. చాగోస్ దీవుల్లో సముద్రపు పక్షులు తప్ప స్థానిక జనమనేది ఉండకూడదని ఒక పెద్ద అధికారి అందులో రాశారు. పక్షులతో పాటు కొందరు టార్జాన్లు కూడా ఉన్నారే అని ఇంకో అధికారి వెటకారం జోడించారు. ఆ ‘టార్జాన్ల’కు అప్పటికే అక్కడ చర్చిలున్నాయి, పెంపుడు కుక్కలున్నాయి, నాలుగైదు తరాల పెద్దల సమాధులున్నాయి.

కన్యాకుమారికి దక్షిణంగా పదిహేను వందల కిలోమీటర్లకు పైగా వెళితే హిందూ మహాసముద్రం నడిమధ్య కనిపిస్తాయి ఈ పగడపు దీవులు. 18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి దొరలు కొబ్బరి తోటల కోసం మొజాంబిక్, మడగాస్కర్‌ల నుంచి బానిసలను తెచ్చి ఇక్కడ దింపారు. 1814లో మారిషస్‌తో పాటు ఇవీ ఇంగ్లిషువాళ్ల చేతికొచ్చాయి. 1835లో బానిసత్వం రద్దయ్యాక మన దేశం నుంచి కూడా కూలీలు వెళ్లారు. అందరూ కలిసిపోయి ఒకే జనమయ్యారు. వాళ్లకో ఫ్రెంచి కలగలిసిన క్రియోల్ భాష, శనివారం రాత్రుల సెగా ఆటాపాటా, మిగతా రోజుల్లో ఎండుకొబ్బరి పని. తోట కంపెనీ ఇచ్చే కూలి, రేషన్ మీద నడిచే బతుకు కాబట్టి అదేమీ స్వర్గం కాదు. కానీ అది వాళ్ల ఊరు.

ఆ ఊరినే అమెరికా సైనిక స్థావరానికి ఇవ్వాలనుకుంది బ్రిటన్. మారిషస్‌కు 1968లో స్వాతంత్ర్యం వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే, 30 లక్షల పౌండ్లు చేతిలో పెట్టి చాగోస్‌ను దాన్నుంచి కోసేసింది. బదులుగా అమెరికా నుంచి కొంటున్న పొలారిస్ అణు క్షిపణుల బిల్లులో 1.4 కోట్ల డాలర్ల రాయితీ గుట్టుగా పుచ్చుకుంది. అక్కడ శాశ్వత నివాసులున్నారని ఒప్పుకుంటే ఐక్యరాజ్యసమితికి జవాబు చెప్పుకోవాలి. అందుకే వాళ్లంతా వచ్చిపోయే కాంట్రాక్టు కూలీలేనని కాగితాల్లో రాసేశారు. అబద్ధాన్ని నిజం చేయడానికి జనాన్నే ఖాళీ చేయించారు.

ముందు వైద్యానికనో, చుట్టపుచూపుగానో మారిషస్ వెళ్లినవాళ్లను తిరుగు ఓడ ఎక్కనివ్వలేదు. తోబుట్టువు వైద్యం కోసం నాలుగేళ్ల వయసులో ఇంట్లోవాళ్లతో వచ్చి అలా చిక్కుకుపోయిన పిల్లాడే, తర్వాత న్యాయపోరాటానికి ముందు నిలిచిన ఒలివియర్ బాంకు. 1971లో, స్థావరానికి ఎంచుకున్న పెద్ద దీవి డియేగో గార్సియా మీద వందల పెంపుడు కుక్కలను కొబ్బరి ఆరబెట్టే షెడ్డులో పెట్టి, వాహనాల పొగ వదిలి చంపారు. ఆ పొగ ఎవరికి హెచ్చరికో జనానికి అర్థమైంది. 1973 నాటికి సుమారు పదిహేను వందల మందికి పైగా మారిషస్, సీషెల్స్ రేవుల్లో తేలారు. చేతికి తెలిసిన పని కొబ్బరి ఒక్కటే. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ మురికివాడల్లో దానికి గిరాకీ ఎక్కడిది?

బాంకు 2000లో లండన్ హైకోర్టులో గెలిచారు. నాలుగేళ్లకు, పార్లమెంటు ముఖం కూడా చూడకుండా, రాణి పేరిట ఉత్తర్వు తెచ్చి ఆ తీర్పును కొట్టిపారేశారు. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం దీవుల విభజనే చట్టవిరుద్ధమంది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో మారిషస్‌కు 116 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా ఆరే.

చివరికి 2025 మే 22న దీవులను మారిషస్‌కు అప్పగించే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. వలస పాలన తప్పును ఒప్పుకున్నందుకు సంతోషమే. ఉగాదికి సెలవిచ్చే ఆ దేశంతో తెలుగువాళ్లకు బంధుత్వమూ ఉంది. కానీ పేచీ అక్కడే మొదలవుతోంది. బేరం రెండు ప్రభుత్వాల మధ్యే నడిచింది. చాగోస్ వాసులకు బల్ల దగ్గర కుర్చీ లేదు, వాళ్ల అభిప్రాయం అడిగే ఓటింగూ లేదు. డియేగో గార్సియాను బ్రిటన్ 99 ఏళ్ల లీజు కింద ఉంచుకుంటుందట, మిగతా దీవుల్లోనే పునరావాసం అంటున్నారు. వెళ్లగొట్టినవాళ్లలో చాలామంది పుట్టిందే డియేగో గార్సియాలో.

భద్రత కారణమంటున్నారు. స్థావరంలో వంటకు, శుభ్రతకు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులకు చోటుంది. అక్కడ పుట్టినవాళ్లు పక్కన ఇల్లు కట్టుకుంటే పోయే రహస్యమేమిటో సంతకాలు చేసినవాళ్లే చెప్పాలి. తిరిగి వెళ్లే హక్కును ఒప్పందంలో డియేగో గార్సియాకూ వర్తింపజేయాలి. దాని అమలులో చాగోస్ వాసులకు నేరుగా మాట ఉండాలి.

2006లో వంద మందిని చూసిరమ్మని ఓడలో తీసుకెళ్లారు. వాళ్లు పెద్దల సమాధుల చుట్టూ పెరిగిన గడ్డి పీకి, పువ్వులు పెట్టి, చెప్పిన వేళకు మళ్లీ ఓడెక్కారు.