హెమరేజ్ హోదా

విజయనగరంలో జబ్బులకు కూడా అంతస్తులున్నాయి. రిక్షా తొక్కేవాడికి వస్తే పక్షవాతం. గుమస్తాకు వస్తే స్ట్రోక్. మేడ ఉన్న ఆసామికి మాత్రం మెదడులో రక్తం కారే బ్రెయిన్ హెమరేజ్ కంటే తక్కువది రాకూడదు. రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందని డాక్టరు చెబితే బంధువులు చిన్నబుచ్చుకుంటారు. ఇంత ఖర్చు పెట్టిస్తూ, కనీసం నరమైనా చిట్లలేదా!

గంటస్తంభం దగ్గర టీ తాగే పెద్దలు మరింత ఉదారులు. షుగర్ పడిపోయి సొమ్మసిల్లినా, ఫిట్స్ వచ్చినా వారు మంజూరు చేసేది హెమరేజే. డాక్టర్లకు పాపం ఆ ప్రజ్ఞ లేదు. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి, మాట తడబడితే అది గడ్డ వల్లనో, చిట్లడం వల్లనో పైకి చూసి చెప్పలేక సీటీ స్కాన్ తీస్తారు. గడ్డయితే నాలుగున్నర గంటల్లోపు దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. రక్తం కారుతున్న మెదడుకు అదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణాలకే ముప్పు. మనవాళ్లకు ఈ శంకలేవీ లేవు. నోటితో హెమరేజ్ అంటూనే, చేత్తో ఆస్పిరిన్ మింగిస్తారు. అది రక్తాన్ని గడ్డకట్టనివ్వని బిళ్ల. నిర్ధారణ ఒక శాఖ, చికిత్స మరొక శాఖ. మధ్యలో ఫైలు కదలదు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం. హెమరేజ్ అన్నవారు రక్తం మెదడు లోపల కారిందా, పొరల మధ్యనా, బీపీ వల్లనా, దెబ్బ వల్లనా అక్కడికక్కడే చెప్పాలి. చెప్పలేకపోతే 108కి ఫోను చేసి ఊరుకోవాలి. అలవాటైపోతుందని బీపీ బిళ్లలు మానేసినవారికి ఈ నిబంధన నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. వారు హెమరేజ్ అన్న మాటను నిజం చేసుకునే ప్రయత్నంలోనే ఉన్నారు.

విచిత్రమేమిటంటే, అసలు రక్తం కారుతున్న ఇంట్లో ఈ మాట వినపడదు. తాతగారు స్నానాల గదిలో జారి తల కొట్టుకుంటారు. బొప్పి కట్టింది, తగ్గింది. కొన్ని వారాలకు నడక తూలుతుంది, పగలంతా మగత, మనవడి పేరు గుర్తుండదు. మెదడుకూ దాని పైపొరకూ మధ్య రక్తం మెల్లగా చేరుతూ ఉంటుంది. వైద్యులు దాన్ని సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. సకాలంలో పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీసేస్తే చాలామంది కోలుకుంటారు. ఇంట్లోవారు చాదస్తం అంటారు. వయసు మీద పడిందని మంచం వసారాలోకి మారుస్తారు.

ఆయన పోయాక, పరామర్శకు వచ్చినవారికి మాత్రం హెమరేజ్ అని చెబుతారు. పదప్రయోగంలో ఈసారి తప్పు పట్టడానికేమీ లేదు.