మార్కెట్ స్ట్రీట్‌కి ఆ పక్కా ఈ పక్కా

పిల్లాణ్ణి స్వలింగప్రేమికులూ, ట్రాన్స్‌జెండర్లూ ఏటా చేసే ప్రైడ్ ఊరేగింపుకి తీసుకెళ్దామనుకున్న తల్లిదండ్రులు ముందుగా సిద్ధం చేసుకునేవి జవాబులు. "ఇద్దరమ్మలు ఎలా ఉంటారు?" అంటే ఏం చెప్పాలి, "ఆ అంకుల్ గౌనేసుకున్నాడేంటి?" అంటే ఏం చెప్పాలి అని వారం రోజులు, వాడు పడుకున్నాక, గుసగుసగా రిహార్సల్సు. తీరా ఆదివారం పొద్దున రైల్లో ఆ మాట వీళ్ళే కదిపితే, వాడు కిటికీలోంచి చూపు తిప్పకుండా, "మా క్లాసులో ఒకడికున్నారుగా. వాడి లంచ్ బాక్సులో రోజూ కుకీలుంటాయి" అనేస్తాడు. వాడి అనుమానాలు రెండే: చాక్లెట్లు పంచుతారా, ఫైరింజను వస్తుందా?

జవాబులన్నీ కంఠతా పట్టినవాళ్ళకి బాత్రూము మాత్రం గుర్తుండదు.

శాన్ ఫ్రాన్సిస్కో ఊరేగింపునే తీసుకోండి. జూన్ ఆఖరి ఆదివారం, పొద్దున పదిన్నర. మార్కెట్ స్ట్రీట్ మీద, సముద్రపొడ్డునున్న ఎంబార్కడీరో వైపు నుంచి బయల్దేరి సివిక్ సెంటర్ దాకా పోతుంది. మొదటి జట్టు నుంచి ఆఖరి జట్టు దాకా నాలుగ్గంటలు సులువుగా పడుతుంది. నాలుగేళ్ళవాడి ఓపిక రెండు గంటలు, అందులో గంట శివారు ఊరు ఫ్రీమాంట్ నుంచి వచ్చే బార్ట్ లోకల్ రైలు తినేస్తుంది. ఆఫీసువాళ్ళు టీషర్టిచ్చారు కదా అని వాళ్ళ జట్టులో నడుద్దామనుకుంటే ఇంకా నష్టం. పక్కవీధిలో రెండు మూడు గంటలు నిలబెడతారు. మన వంతు వచ్చేసరికి వాడు భుజం మీద నిద్రపోతుంటాడు, టీషర్టు మీద చొంగ.

కాబట్టి నిలబడి చూడ్డమే మేలు. బట్టల సంగతి కూడా చెప్పాలి. ఫ్రీమాంట్‌లో ఎండ చూసి పల్చటి చొక్కా వేస్తే ఇక్కడ పొద్దున మంచు, గాలి. పన్నెండయ్యేసరికి మబ్బు విడిపోయి ముక్కు కమిలిపోతుంది. ఒకదాని మీద ఒకటి వేసి, ఒక్కొక్కటే విప్పుకుంటూ రావాలి. కొందరు పెద్దమనుషులు ఈ సూత్రాన్ని చివరిదాకా పాటిస్తారు. వీధిలో నగ్నంగా తిరగడాన్ని ఈ ఊళ్ళో 2013 నుంచి నిషేధించారు గానీ, అనుమతి ఉన్న ఇలాంటి ఊరేగింపులకి మినహాయింపు ఉంది. దీనికీ అమ్మానాన్నల దగ్గర జవాబుంటుంది. వాడు అడగడు. ఇండియా నుంచి ఆరు నెలలకి వచ్చిన నానమ్మ మాత్రం "చలేయట్లేదుటరా పాపం ఆ అబ్బాయికి?" అంటుంది.

ముందు వరసలో డైక్స్ ఆన్ బైక్స్, 1976 నుంచి ఉన్న లెస్బియన్ ఆడవాళ్ళ మోటారుసైకిళ్ళ దండు. ఆ శబ్దం రెండు వీధుల అవతల ఉండగానే కడుపులో మొదలవుతుంది. పిల్లాడి చెవులకి పెట్టే మఫ్స్ అప్పటికే పెట్టి ఉండాలి. సంచీ అడుగున, పులిహోర డబ్బా కింద ఉంటే లాభం లేదు. సరిగ్గా బైకులు కనిపించిన క్షణాన, "నాన్నా, అర్జెంట్!"

పావెల్ స్టేషన్లో బాత్రూముంది. 2001 దాడుల తర్వాత మూసేసినదాన్ని 2022లో మళ్ళీ తెరిచారు. నాన్న వాణ్ణి చంకనేసుకుని మెట్లు దిగుతాడు. క్యూ ఉంటుంది, పని పూర్తవుతుంది, అంతా బానే ఉంటుంది. పైకొచ్చేటప్పుడు వాడు "కేబుల్ కారు తిప్పే చోటు చూద్దాం" అంటాడు. తాడుతో నడిచే ఆ పాతకాలపు ట్రామును తిప్పేది పావెల్ వీధి మొదట్లో, అంటే మార్కెట్‌కి ఉత్తరాన. అమ్మా నానమ్మా మడతకుర్చీతో సహా ఉన్నది దక్షిణాన. మధ్యలో రెండు వరసల బారికేడ్లు, వాటి మధ్య కదులుతున్న ఊరేగింపు.

భూమి కింద దిక్కులు తెలియవు. పైన గుర్తు సులువే: మార్కెట్‌కి దక్షిణపు వీధులకి ఇక్కడ అంకెలు (ఫోర్త్, ఫిఫ్త్), ఉత్తరపు వీధులకి పేర్లు (పావెల్, ఎల్లిస్). మెట్ల దగ్గరి బోర్డు మీద అంకె చూసి ఎక్కితే నానమ్మ దగ్గర తేలతాం, పేరు చూసి ఎక్కితే ఆవిడకి చెయ్యూపుతాం.

ఇక ఫోను. లక్షల మంది ఒకే వీధిలో వీడియోలు పంపుతుంటే సిగ్నలెక్కడిది? "ఎక్కడున్నారు?" అన్న మెసేజి ఒక్క టిక్కుతో వేలాడుతుంటుంది. అరుద్దామంటే ఎదురుగా లారీ ఎత్తున డిస్కో స్పీకర్లు. అమ్మ సైగ చేస్తుంది "ఇటు రా" అని. నాన్నకి అది "అక్కడే ఉండు"లా అర్థమవుతుంది. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా సైగలింకా కుదర్లేదు.

పసుపు చొక్కా వాలంటీరునడిగితే కిందకి చూపిస్తాడు: స్టేషన్ పై అంతస్తులోంచి, టికెట్ గేట్లు దాటకుండానే, రోడ్డు అడుగునుంచి అవతలికి పోవచ్చు. నాన్న దిగుతాడు. అవతల ఇంకో పసుపు చొక్కా అమ్మకీ అదే చెబుతుంది. "అత్తయ్యా, మీరు కదలకండి" అని ఆవిడా దిగుతుంది. జనంలో ఒకరినొకరు చూసుకోకుండా దాటేసి, ఆయన దక్షిణాన తేలతాడు, ఆవిడ ఉత్తరాన.

విడిపోతే ఎవరు వెతకాలో, ఎవరు కదలకుండా ఉండాలో రైలెక్కకముందే తేల్చుకోవాలి. వెతికేది ఒక్కరే. పిల్లాడి మణికట్టుకి అమ్మ ఫోన్ నంబరు రాసిన పట్టీ, మధ్యాహ్నం పన్నెండింటికి కలుసుకునే చోటు, ఇవి కూడా.

నాన్న మళ్ళీ మెట్లవైపు పరిగెత్తబోతే నానమ్మ చొక్కా పట్టుకుని ఆపుతుంది. "ఒరేయ్, కూర్చో. తనే వస్తుంది." ఆవిడ చేతిలో ఎవరో ఇచ్చిన ఇంద్రధనస్సు జెండా, మెడలో పూసలు. ఈ చుట్టుపక్కలే 1986లో మొదలైన, దక్షిణాసియా స్వలింగప్రేమికుల సంస్థ త్రికోణ్ జట్టు ఇందాకే హిందీ పాటకి గంతులేస్తూ వెళ్ళిందట, "మనవాళ్ళేరా!" అని లేచి చెయ్యూపిందట. ఫైరింజనూ వెళ్ళిపోయిందట. అది విని పిల్లాడు లంకించుకున్న ఏడుపు ఉత్తరం వైపుకి వినబడుతుంది. అమ్మ వాళ్ళని కనిపెట్టింది దాన్నిబట్టే. ఊరేగింపు పూర్తిగా చూసింది నానమ్మొక్కతే. పులిహోర డబ్బా అప్పటికే సగం ఖాళీ, పక్కనున్నవాళ్ళకి పెట్టింది.