పొలం గట్టంత దిబ్బ మీదనే జారారట!

కాళ్ళకు పొడవాటి బద్దలు తొడుక్కుని మంచు మీద జారే స్కీయింగ్ నేర్పించడానికి మా పిల్లలను కాశ్మీరులోని గుల్‌మార్గ్‌కు తీసుకెళ్ళి వచ్చాం. నిన్న సాయంత్రం మా చిన్న మేనమామ వచ్చి, టీ తాగుతూ మా పిల్లల ఫోటోలు ఓ పది చూసి, ఫోను బల్ల మీద బోర్లించి, "ఏం అల్లుడా, రెండు వేల కిలోమీటర్లు పోయి పోరగాండ్లను పొలం గట్టంత దిబ్బ మీద జారిచ్చి తోల్కొచ్చినవా?" అన్నాడు. పెద్దవాడు కదా అని నోరు మూసుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు కాబట్టి ఆ జవాబేదో ఇక్కడే రాస్తున్నాను. ఇలాంటి మామయ్య మీ ఇళ్ళలోనూ ఒకరుంటారని నాకు తెలుసు.

మాది మహారాష్ట్రలోని పాంఢర్‌కవడా. మా ఊరి పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి దక్షిణాన పెన్‌గంగ దాటి ఆదిలాబాదుకు, ఉత్తరాన నాగపూర్, ఝాన్సీ, ఢిల్లీ, జమ్మూ మీదుగా శ్రీనగర్‌కు పోతుంది. ఇంటి ముందర రోడ్డే కాశ్మీరుకు పోతుందన్న ఈ ఒక్క సంగతి మా బంధువులందరినీ చెడగొట్టింది. ప్రయాణం ఎలా సాగిందని ఒక్కరూ అడగలేదు. ఎన్ని గంటల్లో కొట్టావని మాత్రం అందరూ అడిగారు. నాలుగు రోజులు పట్టిందని చెబితే, అదేదో జబ్బు చేసిందన్నట్టు జాలిపడ్డారు. తొమ్మిదేళ్ళ అమ్మాయినీ ఆరేళ్ళ అబ్బాయినీ వెనుక సీట్లో కూర్చోబెట్టుకుని, ఉధంపూర్ దాటాక ఆ ఘాట్ రోడ్డు మలుపుల్లో ప్లాస్టిక్ సంచులు అందిస్తూ బండి నడిపినవాడికి తెలుస్తుంది నాలుగు రోజులెందుకో. 2017లో తెరిచిన తొమ్మిది కిలోమీటర్ల చెనానీ–నాశ్రీ సొరంగంలోకి ప్రవేశించగానే మలుపులు ఆగిపోయి మావాడు నిద్రపోయాడు. ఆ సొరంగం తవ్వినవాళ్ళకు నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

కొండ కింద ఉన్న టంగ్‌మార్గ్ నుంచి గుల్‌మార్గ్‌కు మిగిలిన పదమూడు కిలోమీటర్లూ మంచు రోజుల్లో టైర్లకు గొలుసులు కట్టనిదే పోకూడదు. నేను కారును కిందనే వదిలి, గొలుసులు కట్టిన స్థానికుల బండిలో పైకి వెళ్ళాను. దీన్ని మా మామయ్య "సగం దారిలో చేతులెత్తేసినవన్నమాట" అని క్లుప్తంగా తేల్చాడు. జీవితంలో మంచు మీద ఒక్క గజం నడపని ఈ మనిషి, ఇంటి ముందర వానకాలపు బురదలో తన జీపును ఎన్నిసార్లు ట్రాక్టరుతో లాగించుకున్నాడో నేను లెక్కపెట్టి ఉన్నాను.

ఇక ఆ దిబ్బ సంగతి. మామయ్య దిబ్బ అన్నది కొత్తగా నేర్చుకునేవాళ్ళ చిన్న వాలును. అది ఉన్న గుల్‌మార్గ్ మైదానమే సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడినుంచి గొండోలా, అంటే తీగల మీద నడిచే కేబుల్ కారు, మొదటి విడతలో కొంగ్‌డోరికి, రెండో విడతలో దాదాపు 3,950 మీటర్ల ఎత్తున ఉన్న ఆఫర్‌వత్ కొండ మీదికి చేరుస్తుంది. పై వాలు ఆరితేరినవాళ్ళది; 2024 ఫిబ్రవరిలో అక్కడ మంచు చరియలు విరిగిపడి ఒక విదేశీ స్కీయరే ప్రాణం పోగొట్టుకున్నాడు. కాళ్ళకు ఆ బద్దలు తొడుక్కుని నిలబడడమే చేతకాని పిల్లలను అక్కడికి ఎక్కించాలట, ఎందుకంటే ఫోటో బాగా వస్తుందట! మొదటి రోజంతా మా పిల్లలు నేర్చుకున్నది పక్కకు పడడం, పడి లేవడం, అడ్డంగా అడుగులు వేస్తూ వాలు ఎక్కడం. రెండో రోజు శిక్షకుడు, బద్దల ముందు కొనలు దగ్గరికి చేర్చి, వెనుక కొనలు విడదీసి నాగలి కర్రులాగా పెడితే వేగం ఎలా తగ్గుతుందో చూపించాడు. వ్యవసాయదారుల మనవరాలికి అది ఒక్క పూటలో పట్టుబడింది. మూడో రోజు ఇద్దరూ ఎవరి చేయీ పట్టుకోకుండా జారి, తామే ఆగారు. ఆగడమే అసలు విద్య.

మేము చేసిన తప్పులు లేవని అనను. పత్తి పండించే జిల్లావాళ్ళం కాబట్టి మా అమ్మ ప్రేమగా పిల్లల సంచుల నిండా నూలు బనియన్లు కుక్కింది. చెమటకూ మంచుకూ తడిసిన నూలుబట్ట ఆరదు, ఒంటినే చల్లబరుస్తుంది; మా జిల్లా బంగారం అక్కడ శత్రువైంది. పిల్లవాడికి రెండు సైజులు పెద్ద బూట్లు అద్దెకిచ్చిన దుకాణదారు, ఇంకో రెండు జతల సాక్సులు వేస్తే సరిపోతుందని సలహా కూడా ఉచితంగా ఇచ్చాడు. సాయంత్రానికి వాడి మడమలు బొబ్బలెక్కాయి. స్కీ బూటు పాదానికి బిగుతుగా పట్టాలి, లోపల ఒకే జత ఉన్ని సాక్సు ఉండాలి. మర్నాడు బూట్లు మార్పించేసరికి నా హిందీ అంతా ఖర్చయింది.

అయినా ఈ మామయ్య నాకు నేర్పే విధానం గురించి చెప్పడమేమిటి? నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా తాతయ్య ఎండు సొరబుర్ర నడుముకు కట్టి మెల్లగా బావిలోకి దింపబోతుంటే, "గట్లయితే ఎన్నడొస్తది ఈత!" అంటూ వెనుకనుంచి నన్ను తోసేసిన మహానుభావుడు ఈయనే. ముప్పై ఏళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి పోళా ఎడ్ల పండుగకూ, "వీనికి ఈత నేర్పింది నేనే" అని చెప్పుకుంటాడు. నాకు ఈ రోజుకీ ఈత రాదు. మోకాలి లోతు దాటితే ఊపిరి బిగుస్తుంది. మా పిల్లలను ఆ దిబ్బ మీద మూడు రోజులు ఉంచింది ఆ బావిని తలచుకునే. ఎవరూ వెనుకనుంచి తోయలేదు కాబట్టే, నాలుగో రోజు మేము బయలుదేరుతుంటే ఇద్దరూ ఇంకొక్క పూట ఉందామని ఏడ్చారు.

ఇది రాస్తుండగానే కుటుంబ గ్రూపులో మామయ్య ఒక ఫోటో పెట్టాడు. గొండోలా స్టేషను ముందర మా పిల్లలు నిలబడి ఉన్నారు. కింద, "నా మనవడు, మనవరాలు కాశ్మీరు కొండ కొనకెక్కిండ్రు" అని రాశాడు. అప్పటికే పదిహేడు మంది దండాలు పెట్టారు. ఆ ఫోటో తీసింది టికెట్ల వరుస పక్కన, పిల్లలకు బాత్రూము ఎక్కడుందో వెతుకుతున్నప్పుడు.