దళారి గెట్ గారికి

లుబ్లియానా,
కుండపోత వాన కురుస్తున్న ఒక సాయంత్రం.

మహారాజశ్రీ ఇంగ్లీషు క్రియాపదం గెట్ గారికి,

ఉభయకుశలోపరి. నేనిక్కడ క్షేమం. మీరు ఎలాగూ క్షేమంగానే ఉంటారు. మీకేం, ఏ వాక్యంలో చూసినా మీ పెత్తనమే కదా.

అసలు సంగతికి ముందు ఒక చిన్న మాట. మీ ఇంట్లో నువ్వు, మీరు అనే తేడా లేదు. పసివాడైనా పైఅధికారైనా ఒకే 'యూ'తో సరిపెట్టేస్తారు. నేనుంటున్న స్లోవేనియాలో మాత్రం అచ్చం మనలాగే, స్నేహితులకు 'తి', పెద్దవాళ్ళకూ కొత్తవాళ్ళకూ 'వి'. కాబట్టి ఇకపై మీ ఇంటి పద్ధతిలోనే నిన్ను నువ్వు అంటాను. ఏమనుకోకు. అనుకున్నా నాకు పోయేదేం లేదు.

మాది తెనాలి. ఉద్యోగం ఈ దేశానికి తెచ్చి పడేసింది. ఇక్కడ మనుషులు 20 లక్షల పైచిలుకు, అంతే. మా హైదరాబాదులో నాలుగు పేటలు కలిపితే వచ్చే జనం. కానీ ఆ కొద్దిమందీ తమ భాష కోసం ప్రాణం పెడతారు. నాకూ నేర్చుకోవాలనిపించింది. తీరా చూస్తే తెలుగు నుంచి స్లోవేన్‌కి నేరుగా వెళ్ళే బస్సు లేదు. తెలుగు-స్లోవేన్ నిఘంటువు ఎంత వెతికినా దొరకలేదు. ఇంగ్లీషు స్టాపులో దిగి బండి మారాలి. ఆ స్టాపులో బీడీ కాల్చుకుంటూ, "రండమ్మా రండి, ఎక్కడికైనా నేనే తీసుకెళ్తా" అని చెయ్యి పట్టుకు లాగే దళారివి నువ్వు.

నమ్మాను. నిఘంటువు తెరిచి నీ పేరు దగ్గర వేలు పెట్టాను. మొట్టమొదట కనిపించిన మాట 'దోబీతి'. పొందడం, అందుకోవడం అని అర్థం. పేరులోనే దోబీ ఉన్నాడు, నీ మురికి గుడ్డలన్నీ ఇతనే ఉతుకుతాడులే అనుకున్నాను. జీతం గెట్ చేస్తే దోబీతి, ఉత్తరం గెట్ చేస్తే దోబీతి. రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది.

మూడో రోజు సిటీ బస్సులో కిటికీ పక్క సీటులో ఉన్నాను. నా స్టాపు వచ్చింది. పక్కన బుట్టనిండా ఉల్లికాడలతో ఒక పెద్దాయన అడ్డంగా కూర్చున్నారు. ఇంగ్లీషులో దిగడానికి గెట్ ఆఫ్ కదా, గెట్ అంటే దోబీతి కదా అని ధైర్యంగా, "క్షమించండి, నేను బయటికి దోబిమ్" అన్నాను. ఆయన చెవికి అది ఎలా వినబడిందంటే, "క్షమించండి, నాకు బయట ముడుతుంది" అన్నట్టు. పాపం ఆయన నా మొహం చూసి, కిటికీలోంచి బయటికి చూసి, మళ్ళీ నా మొహం చూశారు. ఈలోగా తలుపులు మూసుకున్నాయి. వానలో ఒక స్టాపు దూరం వెనక్కి నడిచాను.

ఆ రాత్రి మళ్ళీ నిఘంటువు ముందేసుకుంటే నీ బండారం బయటపడింది. బస్సు దిగడానికి 'ఇస్తోపితి', ఎక్కడానికి 'వ్‌స్తోపితి', పొద్దున్నే లేవడానికి 'వ్‌స్తాతి', అర్థం కావడానికి 'రజుమేతి', పెళ్ళవడానికి 'పొరోచీతి సే', దారి తప్పడానికి 'ఇజ్గుబీతి సే', పీడ వదిలించుకోవడానికి 'జ్నెబీతి సే'. ఇల్లు చేరడానికి 'ప్రీతి'. నిజంగానే ప్రీతి, ఆ ఒక్క మాటా నాకు చూడగానే వచ్చేసింది. వీటిలో ఏ ఒక్కటీ మరోదాని గుమ్మం తొక్కదు. పైగా ప్రతిదానికీ ఒక జోడీ. దిగేస్తే ఇస్తోపితి, ఇంకా దిగుతూ ఉంటే ఇస్తోపాతి. ఇది మాత్రం నాకు కొత్త కాదు. తింటున్నాడు వేరు, తినేశాడు వేరు అని మా తెనాలిలో మూడేళ్ళ పిల్లకి కూడా తెలుసు. నీకే తెలియదు.

నువ్వొక్కడివే అని నేననడం లేదు. మీ వంశమే అంత. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ మహా నిఘంటువు రెండో కూర్పులో మీ అన్న సెట్‌కి 430 అర్థాలు లెక్కగట్టారు. తర్వాతి కూర్పు పనిలో మీ తమ్ముడు రన్ 645 దగ్గర తేలాడట. సెట్ అయితే మా ఇళ్ళలో కాపురమే పెట్టేశాడు. సంబంధం సెట్ అయింది, ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు సెట్ అయింది, గొడవ కూడా సెట్ అయింది. నిన్ను మాత్రం తెలుగువాళ్ళు వీధి గడప దాటనివ్వలేదు. 'గెట్ అవుట్' అనడానికి తప్ప నీతో మాకు పనే పడలేదు. అప్పుడే అనుమానం రావలసింది.

అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. మా స్లోవేన్ టీచరమ్మ ఒకరోజు, "మీ భాషలో ఇలా అన్నింటికీ వాడే క్రియ ఉందా?" అని అడిగింది. ఛాతీ విరుచుకుని "ఛ, మాకు అలాంటివి లేవండీ" అనబోయాను. ఇంతలో గుర్తొచ్చింది. ఈల కొడతాం, కాపీ కొడతాం, కన్ను కొడతాం, డబ్బా కొడతాం, ఫోన్ కొడతాం. బోరు కొడుతుంది, వాసన కొడుతుంది, మొహం కొడుతుంది. వీటిలో ఎవరికీ దెబ్బ తగలదు. నోరు మూసుకున్నాను. ఈ పేరా నువ్వు చదవకపోయినా ఫరవాలేదు.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు విను. జనవరి నెల. క్లాసులో ఎవరో కిటికీ తెరిచారు. బయట మంచు. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మీ భాషలో ఏమంటారు? ఐ యామ్ కోల్డ్. ఐ యామ్ గెటింగ్ కోల్డ్. అదే వరసలో పదానికి పదం పేర్చి "హ్లాద్న సెమ్" అన్నాను. టీచరమ్మ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, "అయ్యో, పెళ్ళయిన ఎన్నాళ్ళకి?" అంది. క్లాసు ఘొల్లుమంది. ఆ మాటకి అర్థం నేను మనసు చల్లబడిపోయిన మనిషినని. వేసవిలో ఇదే పద్ధతిలో ఉక్కపోత గురించి చెప్పబోయావు సుమా, ఇంకా ప్రమాదం అని కూడా హెచ్చరించింది. ఆ వివరం ఇక్కడ రాయను, అమ్మ చదువుతుంది.

తర్వాత బోర్డు మీద సరైన వాక్యం రాసింది: 'మ్రాజ్ మి యె.' మ్రాజ్ అంటే చలి. మి అంటే నాకు. యె అంటే ఉంది.

చలి నాకు ఉంది. నాకు చలిగా ఉంది!

గెట్ బాబూ, నాకు ఆ క్షణంలో ఎంత ఒళ్ళు మండిందో నీకు తెలియదు. ఇది మా అమ్మమ్మ దుప్పటి కప్పుకుంటూ అనే వాక్యం. తెలుగులో చలి నేను కాను, చలి నాకు. స్లోవేన్‌లోనూ అంతే. 'వ్రోచె మి యె', నాకు ఉక్కగా ఉంది. 'వ్‌షేచ్ మి యె', నాకు నచ్చింది. 'జాల్ మి యె', నాకు బాధగా ఉంది. జాలికి దగ్గరగా వినిపిస్తుంది కదా, చుట్టరికం ఏమీ లేదు, అయినా నాకు గుర్తుండిపోయింది. ఏమీ తోచనప్పుడు వాళ్ళనే మాటని విడదీస్తే 'పొడుగు కాలం' అని వస్తుంది. పొడుగు కాలం నాకు. అంటే మనం పొద్దు పోవడం లేదు అంటాం చూడు, అదే. రెండు భాషలూ గోడకి అటూ ఇటూ నిలబడి ఒకే మాట అనుకుంటుంటే, మధ్యలో నువ్వు "ఇద్దరికీ పరిచయం నేను చేస్తా" అని కమీషన్ తిన్నావు. పరిచయం చెయ్యకపోగా నేను చల్లబడిన మనిషినని ఊరంతా చాటించావు.

జలుబు సంగతి కూడా చెప్పేస్తాను. నువ్వేమో 'గాట్ ఎ కోల్డ్' అంటావు, లాటరీ తగిలినట్టు. మేము జలుబు చేసింది అంటాం, తప్పంతా జలుబు మీదే తోసేసి. వాళ్ళు 'ప్రెహ్లదీల సెమ్ సే' అంటారు. ఆడమనిషిని కాబట్టి చివర 'ల'. మొదటిసారి వినగానే ప్రహ్లాదుడు గుర్తొచ్చాడు. అప్పటినుంచి తుమ్ము వచ్చిన ప్రతిసారీ నారాయణ అనుకుంటున్నాను.

ఇక నీ పక్కవాటా జాతీయాల గురించి. మీ ఊళ్ళో వాన పడితే ఆకాశంలోంచి కుక్కలూ పిల్లులూ పడతాయి. పట్టుకోవడానికి మునిసిపాలిటీ వాళ్ళు రావాలి. చూడకుండా సరుకు కొనడానికి మీరు సంచిలో పందిపిల్ల అంటారు, స్లోవేన్లు గోనెసంచిలో పిల్లి అంటారు, మేము నీళ్ళలో ఉన్న గేదెని ఒడ్డున నిలబడి బేరమాడినట్టు అంటాం. ఇందులో మోసానికి మాది పెద్ద పీట. పందిపిల్లా పిల్లీ ఎంతని, గేదె అంటే ఎంత డబ్బు! పిల్లులంటే ఇక్కడివాళ్ళకి మహా ఇష్టం. అసలు సంగతి చెప్పకుండా తిప్పేవాణ్ణి వేడి జావ చుట్టూ తిరిగే పిల్లి అంటారు. మీరు పొద చుట్టూ కర్రతో కొడతారు. డొంకతిరుగుడు అన్న మాట మాకుంది కాబట్టి ఆ పొద విషయంలో మాత్రం నీకూ నాకూ పేచీ లేదు.

ఆట పట్టించడానికి మీరు కాలు లాగుతారు, వాళ్ళు ముక్కు పట్టుకు లాగుతారు, మేము చెవిలో పువ్వు పెడతాం. గోరంతని కొండంత చెయ్యడం మా వంతు, ఈగని ఏనుగు చెయ్యడం వాళ్ళ వంతు. ఒకే దెబ్బకి మనం రెండు పిట్టలు కొడితే వాళ్ళు రెండు ఈగలు కొడతారు. పాపం పిట్టలు బతికిపోయాయి. చావు దగ్గర మాత్రం మేము కొంచెం సిగ్గుపడాలి. మీ బకెట్‌ని తెచ్చుకుని 'బాల్చీ తన్నేశాడు' అని మా సొంత మాటలా వాడేస్తున్నాం, హరీమన్నాడు అనే చక్కటి మాట ఇంట్లో ఉండగా. స్లోవేన్లు తన్నరు. పోయినవాడు పీతలకి ఈల వెయ్యడానికి వెళ్ళాడంటారు. ఎందుకని అడక్కు. చచ్చినవాడి పని చచ్చినవాడిది.

ఒక్కటి మాత్రం నీకు విడమరిచి చెప్పాలి. ఎవరి గురించైనా మాట్లాడుకుంటుంటే వాళ్ళే గుమ్మంలోకి వచ్చారనుకో. మీరు "దయ్యాన్ని తలచుకున్నాం" అంటారు. స్లోవేన్లు "మనం తోడేలు మాట ఎత్తాం, తోడేలు అడవిలోంచి వచ్చింది" అంటారు. అడవులు సగానికి మించిన దేశం, వాళ్ళ భయం వాళ్ళది. మా అమ్మ అయితే "నీకు నూరేళ్ళు ఆయుష్షు, ఇప్పుడే నీ మాటే అనుకుంటున్నాం, రా, కూర్చో" అంటుంది. అంతవరకూ ఆ వచ్చినావిడ మీద ఏమనుకున్నారో ఆ దేవుడికి తెలియాలి.

నువ్వు లేకపోతే వీళ్ళకి గడవదని మాత్రం అనుకోకు. 1550లో ప్రిమోజ్ త్రుబార్ మొదటి స్లోవేన్ పుస్తకాలు అచ్చు వేయించినప్పుడు దారిలో నువ్వు లేవు. 1584లో యూరీ దల్మాతిన్ బైబిల్ మొత్తం తెచ్చినప్పుడూ లేవు. అప్పటి దళారులు జర్మనూ లాటినూ. అదే సంవత్సరం వచ్చిన వీళ్ళ మొదటి వ్యాకరణాన్ని లాటిన్‌లో రాశారు, అంటే తమ భాష సంగతి తాము తెలుసుకోవాలన్నా పక్కింటి తలుపు తట్టాలి. ఆ దళారులు దుకాణం కట్టేశారు. ఈ భాష ఇంకా బస్సుల్లో, బజార్లో గట్టిగా నవ్వుతూనే ఉంది. నీ ఇంటి ముక్క ఒకటి కుర్రకారు నోట వినిపిస్తుందనుకో. మొన్న బస్సులో ఇద్దరు పిల్లలు దేన్ని చూసినా "ఫుల్ దోబ్రొ, ఫుల్ దోబ్రొ" అంటున్నారు. చాలా బాగుంది అని. మావాళ్ళు ఫుల్ హ్యాపీ అన్నట్టే. ఫుల్లు వరకూ నీ చుట్టాలకి రెండు చోట్లా భోజనం దొరికింది, నీకు లేదు.

ఇవాళ సాయంత్రం జరిగింది చెప్పి ముగిస్తాను. గొడుగు విదిలించుకుంటూ మెట్ల దగ్గర నిలబడ్డాను. కింది వాటా ముసలావిడ తలుపు తీసి, ఆకాశం వైపు చూసి, "లీయె కోత్ ఇస్ ష్కాఫ" అంది. ష్కాఫ్ అంటే చెక్క తొట్టి. తొట్టితో గుమ్మరించినట్టు కురుస్తోంది అని. నాకు చప్పున వెలిగి, వచ్చీరాని స్లోవేన్‌లో, "మా దగ్గర కుండతో పోస్తుంది" అన్నాను. ఆవిడ ఒక క్షణం ఆలోచించి, "మట్టిదా, ఇనుపదా?" అని అడిగింది. మట్టిదే అన్నాను. "పగిలిపోదూ?" అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. నువ్వు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేవు. కుక్కలూ లేవు, పిల్లులూ లేవు.

తర్వాత ఆవిడ "గ్రెవ న కావొ" అంది. కాఫీకి వెళ్దాం అని. కిందటేడాదైతే నేను నిన్ను అడిగేదాన్ని. నువ్వు "లెట్స్ గెట్ కాఫీ" అని నేర్పేవాడివి, నేను దోబీతిని పిలిచి పరువు తీసుకునేదాన్ని. ఈ భాషలో ఒకరికీ పలువురికీ మధ్య సరిగ్గా ఇద్దరికోసం వేరే రూపం ఉంది. ముగ్గురైతే గ్రెమొ. ఇద్దరైతేనే గ్రెవ. ఆ చివరి 'వ'లో నేనూ ఆవిడా తప్ప మూడో మనిషికి చోటు లేదు. తెలుగులో మనిద్దరం అని విడిగా చెప్పాల్సింది వాళ్ళు ఒక్క అక్షరంలో చెప్పేశారు. ఈ ఒక్కచోట మా తెలుగు ఓడిపోయిందని ఒప్పుకుంటూనే ఆవిడ కాఫీ రెండు కప్పులు తాగాను.

అందుకని, గెట్, మన లెక్క ఈ పూటతో చెల్లు. నిన్ను పొమ్మని రాయడానికే ఈ కాగితం తీశాను. తీరా కలం పెడితే పెద్ద చిక్కొచ్చింది. గెట్ అవుట్ అందామంటే మొదటి మాటే నువ్వు. గెట్ లాస్ట్ అన్నా అంతే. నిన్ను వెళ్ళగొట్టడానికి కూడా నీకే కమీషన్ ఇవ్వాలా?

స్లోవేన్ తిట్లు నాకు భలే నచ్చాయి. బాగా కోపం వస్తే "పొదిగే కోడిపెట్ట నిన్ను తన్న!" అంటారు, ఇంకా వస్తే "300 బొచ్చు ఎలుగుబంట్లు!" అంటారు. ఎవరినైనా పొమ్మనాలంటే, వెళ్ళి ఒంటికి ఉప్పు పట్టించుకో అంటారు. ఏటా ఆవకాయ పెట్టే ఇంట్లో పుట్టినదాన్ని, ఉప్పు పాళ్ళు నాకు తెలుసు. నీకు గుప్పెడు చాలదు, తవ్వెడు పడుతుంది.

పోయ్ది సే సోలిత్.

ఇట్లు,
బస్సు దిగడం నేర్చుకున్న
ఒక తెనాలి మనిషి